సీటు ఎందుకు పగిలింది? అతుకు ఎందుకు నిలవలేదు?

గుడిబండలో మే నెల మధ్యాహ్నం. పెళ్ళికి తీసుకెళ్ళడానికి వచ్చిన అద్దె కారు మీ ఇంటి ముందు గంటసేపటి నుంచి ఎండలో ఆగి ఉంది. మీరు అందరికంటే ముందు పరుగెత్తి, తలుపు తీసి, కిటికీ పక్కన కూర్చున్నారు. కూర్చున్నంత వేగంగానే లేచారు కూడా! సీటు పెనంలా కాలుతోంది. సర్దుకుని మళ్ళీ కూర్చోబోతే తొడకు ఏదో గీరుకుంది. చూస్తే సీటు మధ్యలో జానెడు చీలిక. దాని అంచు ఎండిన అప్పడంలా గట్టిగా లేచి ఉంది. లోపలి నుంచి పసుప్పచ్చని స్పాంజి పొడిపొడిగా రాలుతోంది.

"ఎన్నిసార్లు అతికించినా వారానికే ఊడొస్తుంది, ఏం చేసేది నాయనా!" అంటాడు డ్రైవరు.

ఆయన బాధ చిన్నది కాదు. సీట్లన్నీ కొత్తగా కుట్టించాలంటే ఎన్నో రోజుల సంపాదన కావాలి. చినిగిన సీటు చూస్తే పెళ్ళివారు మరో కారు మాట్లాడుకుంటారు. అయితే ఆయన మాటలో మనకు రెండు ప్రశ్నలు దొరికాయి. మెత్తగా ఉండే సీటు ఇంత పెళుసుగా ఎందుకు మారింది? అతుకు ఎందుకు నిలవలేదు? మొదటి ప్రశ్నకు సమాధానం తెలిస్తేనే రెండోది తేలుతుంది.

పేరు రెక్సిన్, వస్తువు వేరు

సీటు మీది తొడుగును మనం రెక్సిన్ అంటాం. నిజానికి రెక్సిన్ అనేది ఇంగ్లండులో మాంచెస్టరు దగ్గర హైడ్ అనే ఊళ్ళో తయారైన ఒక సరుకు పేరు. నూలుగుడ్డ మీద సెల్యులోజ్ నైట్రేటు అనే పదార్థాన్ని పూసి, తోలులా గీతలు అద్ది అమ్మేవారు. ఆ సరుకు పోయింది, పేరు మాత్రం మన నోట మిగిలింది. నేడు కార్లు, ఆటోలు, సినిమాహాళ్ళ కుర్చీలలో మనం రెక్సిన్ అని పిలిచేది చాలావరకు వినైలే. పూర్తిపేరు పాలీ వినైల్ క్లోరైడ్. పొట్టిగా పి.వి.సి.

ఆగండి! పి.వి.సి. అంటే బోరుబావి గొట్టం గదా? అంత గట్టి గొట్టం, ఇంత మెత్తని సీటు ఒకే పదార్థమా? అవును. రెండింటిలోనూ ఉన్న పొడవాటి గొలుసు అణువులు ఒకటే. వినైల్ క్లోరైడ్ అనే వాయువు అణువులు వేలకొలది ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని ఈ గొలుసులుగా తయారవుతాయి. 1872లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త బౌమన్ ఈ వాయువు ఉన్న సీసాలను ఎండలో ఉంచితే లోపల తెల్లని ఘనపదార్థం ఏర్పడింది. దానితో ఏం చెయ్యాలో చాలాకాలం ఎవరికీ తోచలేదు. పెళుసు, వేడిచేస్తే విడిపోతుంది, ఏ అచ్చులోనూ సరిగా ఒదగదు.

1926లో అమెరికాలోని గుడ్‌రిచ్ రబ్బరు కంపెనీలో వాల్డో సెమన్ అనే ఆయన రబ్బరును లోహానికి అంటించే జిగురు కోసం వెతుకుతున్నాడు. పి.వి.సి. పొడిని త్వరగా ఆవిరి కాని ఒక ద్రవంలో వేసి మరిగించాడు. చల్లారాక చూస్తే జిగురు రాలేదు గాని, రబ్బరులా వంగే, సాగే ఒక ముద్ద వచ్చింది. వెతికినదొకటి, దొరికినదొకటి! మెత్తని వినైల్ వస్తువులన్నిటికీ మూలం ఆ ముద్దే.

అందులో జరిగిందేమిటి? బస్సులో జనం ఒత్తుగా నిలబడితే ఎవరూ కదలలేరు. గట్టి పి.వి.సి.లో గొలుసుల స్థితి అదే. వాటి మధ్య చిన్న చిన్న నూనె అణువులు దూరితే గొలుసులు ఎడమై, ఒకదాని మీద ఒకటి జారగలుగుతాయి. అందుకే పదార్థం మెత్తబడుతుంది. ఇలా మెత్తబరిచే నూనెను ప్లాస్టిసైజర్ అంటారు. సీటు తొడుగులో 100 గ్రాముల పి.వి.సి. పొడికి సాధారణంగా 50 నుంచి 80 గ్రాముల దాకా ఈ నూనె కలుపుతారు. మీరు కూర్చునే రెక్సిన్‌లో మూడోవంతుకు పైగా నూనే ఉందన్నమాట!

ఇక్కడొక ముఖ్య విషయం గమనించండి. ఈ నూనె అణువులు గొలుసులతో రసాయనికంగా కలిసిపోలేదు, మధ్యలో ఇరుక్కుని ఉన్నాయంతే. ఇరుక్కున్నవాడికి దారి దొరికితే బయటపడతాడు గదా.

మీ కంపాసు పెట్టెలోనే సాక్ష్యం

నూనె బయటికి నడుస్తుందని నేను చెబితే నమ్మనక్కరలేదు. మీ కంపాసు పెట్టె తీయండి. తెల్లని మెత్తటి ప్లాస్టిక్ రబ్బరు ఒకటి, పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలు ఒకటి తీసుకోండి. రబ్బరుకు చుట్టిన అట్ట తీసేసి, దాన్ని స్కేలుకు ఆనించి దారంతో కట్టి వేసవి సెలవులంతా అలమరలో ఉంచండి. బడి తెరిచేనాటికి రెండూ అతుక్కుని ఉంటాయి. పీకి చూస్తే స్కేలు మీద రబ్బరు ఆకారంలో గుంట పడుతుంది. చాలామందికి ఇది అనుకోకుండా ఇదివరకే జరిగే ఉంటుంది. ఆ రకం రబ్బరు కూడా మెత్తబరిచిన పి.వి.సి.యే. అందులోని నూనె స్కేలులోకి వెళ్ళి దాన్ని కరిగించింది. రబ్బరుకు అట్ట తొడిగి అమ్మేది అందానికి మాత్రమే కాదు.

కారులో నూనె ఎక్కడికి పోతుంది? కొంత గాలిలోకి. కొత్త కారు తలుపు తీయగానే వచ్చే వాసనను చాలామంది ఇష్టంగా పీలుస్తారు. ప్లాస్టిక్కులు, జిగుర్లు, రంగుల నుంచి ఆవిరైన అనేక పదార్థాల వాసన అది. కొన్నాళ్ళకు ముందు అద్దం లోపలివైపు జిడ్డు మసకలా పట్టడం కూడా చూసే ఉంటారు. లోపలి సామాను నుంచి ఎగిరిన నూనె చల్లని అద్దం మీద పేరుకోవడం దానికి ఒక కారణం. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 536 ఎకరాలలో కియా కార్ల కర్మాగారం ఉందని మీకు తెలుసు. 2019 డిసెంబరులో ప్రారంభమైంది. ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యంతో కట్టారు. ఇలాంటి పరిశ్రమకు సరుకు ఎంచేవారు ఈ మసకను కొలవడానికి ఒక పరీక్ష పెట్టుకున్నారు. తొడుగు ముక్కను గాజు బీకరులో వేసి 100 డిగ్రీల దాకా వేడిచేస్తారు. పైన చల్లని గాజుపలక మూత పెడతారు. పలక ఎంత మసకబారిందో చూస్తే ఆ సరుకు ఎంత నూనె వదులుతుందో తెలుస్తుంది. మీ బడి ప్రయోగశాలలో ఉండే బీకరు వంటిదే సుమా!

మిగతా నూనెను మనమే లాగేస్తాం. చెమట, తలనూనె అంటిన చోట, అనగా తల ఆనించే భాగంలోనూ చేతులు పెట్టే చోటనూ, రెక్సిన్ ముందుగా గట్టిపడుతుంది. కిరసనాయిలుతో తుడిస్తే సీటు తళతళలాడుతుందని కొందరి నమ్మకం. ఆ పూటకు మెరుస్తుంది, నిజమే. కిరసనాయిలు, పెట్రోలు, థిన్నరు వినైల్ లోపలికి దిగి అక్కడి ప్లాస్టిసైజరును కరిగించుకుని బయటికి తెస్తాయి. అవి ఆరిపోయాక సీటు మునుపటికంటే గట్టిపడుతుంది. కొబ్బరినూనె రుద్దినా మేలు లేదు. సీటు తుడవడానికి సబ్బునీళ్ళకు మించినది లేదని నా అభిప్రాయం. రంగురంగుల సీసాలలో అమ్మే మెరుపు ద్రవాలు అతికించేవాడికి ఎంత తలనొప్పి తెస్తాయో ముందు ముందు చూద్దాం.

ఎండ చేసే పని

వేడి ఎక్కువైతే నూనె త్వరగా వెళ్ళిపోతుంది. మూసిన కారులో వేడి ఎంత ఉంటుంది? అమెరికాలో అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయంవారు ఎండాకాలంలో కార్లను ఎండలో నిలిపి కొలిచిన వివరాలు 2018లో వెలువడ్డాయి. గంటసేపటికి కారులోని గాలి సగటున 47 డిగ్రీల సెల్సియస్, సీటు 51, స్టీరింగు చక్రం 53, అద్దం కింద ఉండే డాష్‌బోర్డు 69 డిగ్రీలకు చేరాయి. బయట అప్పుడు ఉన్నది 38 డిగ్రీలు దాటిన ఎండ. మన హిందూపురం, ధర్మవరం ప్రాంతపు వేసవి దానికి దగ్గరదే. అద్దం వెలుగును లోపలికి రానిస్తుంది. ఆ వెలుగుకు వేడెక్కిన గాలి బయటికి పోవడానికి దారి లేదు. అందుకే నిమిషమైనా సరే, చిన్నపిల్లలను మూసిన కారులో వదలరాదు. ఆ వేడికి ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి.

ఎండలో ఇంకొకటి ఉంది, కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు. వేడి, ఈ కిరణాలు కలిసి వినైల్ గొలుసులనుంచి హైడ్రోజన్ క్లోరైడును ఊడబెరుకుతాయి. అలా ఊడిన చోట గొలుసు స్వభావం మారి వెలుగులో కొంత భాగాన్ని మింగడం మొదలుపెడుతుంది. తెల్ల రెక్సిన్ పసుపుగా, తరువాత గోధుమరంగుగా మారేది ఇందువల్లనే. ఇలా జరగకుండా తయారీలో కొన్ని స్థిరపరిచే పదార్థాలు కలుపుతారు. అవి ఖర్చయ్యేదాకా కాపాడతాయి, ఆ తరువాత కాపాడేవారు లేరు.

కుట్టు ఎందుకు పనికిరాదు?

చీలిక కనిపించగానే మనకు తోచేది సూదీ దారమూ. చొక్కా చినిగితే కుడతాం, చెప్పు తెగితే కుట్టిస్తాం. సీటును మాత్రం ఎందుకు కుట్టకూడదు?

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకు వెళితే దీనికి జవాబు కళ్ళకు కనిపిస్తుంది. తోలుబొమ్మలకు పేరుపడ్డ ఊరది. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. మేకతోలును పలుచగా, వెలుగు కనిపించేలా సిద్ధం చేసి, బొమ్మ గీసి, నగలూ చీర అంచులూ కనిపించడానికి ఉలితో వందలకొలది చిల్లులు పొడుస్తారు. అన్ని చిల్లులున్న బొమ్మను తెర వెనుక ఎగిరించి, గెంతించి ఆడించినా తోలు చిరగదు! తోలులో కొల్లాజెన్ అనే పీచులు చాప అల్లికకంటే చిక్కగా అన్ని దిక్కులా పెనవేసుకుని ఉంటాయి. చిల్లు దగ్గర ఒక పీచు తెగినా పక్కవి భారాన్ని పంచుకుంటాయి.

వినైల్ పొరలో పీచులు లేవు. అందులో సూదితో వరుసగా పొడిస్తే ఏమవుతుందో తెలియాలంటే తపాలా బిళ్ళల కాగితాన్ని గుర్తు తెచ్చుకోండి. చిల్లుల వరుస వెంబడి ఎంత సులువుగా చిరుగుతుంది! సీటు కొత్తగా కుట్టేటప్పుడు కూడా కుట్టు వేస్తారు గదా అంటారేమో. నిజమే. అక్కడ రెండు అంచులను మడిచి, గుడ్డ మందంతో సహా కుట్టి, కుట్టుమీద లాగుడు పడకుండా చూసుకుంటారు. చీలిక అంచులో మడిచేందుకు చోటు లేదు.

ఇంకో చిన్న ప్రయోగం. నోటుబుక్కు కాగితాన్ని రెండు వేళ్ళ వెడల్పున పొడవుగా కత్తిరించి రెండు కొసలూ పట్టి లాగండి. తేలికగా తెగదు. ఇప్పుడు మధ్యలో అంచున చిన్న గాటు పెట్టి లాగండి. వెంటనే ఆ గాటు దగ్గరే తెగిపోతుంది. లాగిన బలమంతా గాటు మొన దగ్గర గుమిగూడుతుంది. సీటు మీది చీలిక మొనలు కూడా ఇలాంటివే. ప్రతిసారీ ఎవరో కూర్చుంటారు, బలం మొన దగ్గర చేరుతుంది, చీలిక ఒక వెంట్రుకవాసి ముందుకు పోతుంది. అందుకే తెలిసిన పనివాడు ముందుగా చీలిక రెండు కొసలనూ చిన్న గుండ్రని రంధ్రంగా కత్తిరిస్తాడు. గుండ్రని అంచులో బలం ఒకేచోట గుమిగూడదు. చినిగినదాన్ని ఇంకాస్త కోస్తున్నాడేమిటని మనకు అనిపిస్తుంది, కాని మరమ్మతు అక్కడే మొదలయింది.

సరైన అతుకు

డ్రైవరు వేసిన అతుకు ఎందుకు ఊడిందో ఇప్పుడు ఊహించగలరు. పైన టేపు అంటించాడు. వినైల్‌లోని నూనె మెల్లగా టేపు జిగురులోకి వెళ్ళి దాన్ని పాకంలా సాగదీసింది. సైకిలు పంక్చరుకు వాడే సొల్యూషనుకు కూడా చివరికి ఇదే గతి. గట్టిగా పట్టే తక్షణ జిగురు వేస్తే అది గాజులా బిగుసుకుంటుంది. మెత్తని సీటు మధ్య గట్టి బద్ద ఉన్నట్టయి, కూర్చున్నప్పుడల్లా ఆ బద్ద అంచే సీటును కోస్తుంది. అతుకు చుట్టుపక్కల ఉన్నదెంత సాగుతుందో అంతే సాగాలి. ఆ సంగతి మరిచిన ఏ అతుకూ నిలవదు.

నైపుణ్యంగలవారు చేసే పద్ధతి ఇది. మొదట సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టి, తరువాత స్పిరిట్ అద్దిన గుడ్డతో జిడ్డు తీస్తారు. ఇక్కడే మెరుపు ద్రవాలు చేటు తెస్తాయి. వాటిలో చాలావాటిలో సిలికోన్ నూనె ఉంటుంది, దాని మీద ఏ జిగురూ పట్టదు. లేచిన పోగులను, అప్పడంలా ఎండిన అంచులను కత్తిరిస్తారు. ఆ తరువాత చీలిక కంటే అన్ని వైపులా వేలెడు పెద్దదిగా ఒక గట్టి గుడ్డముక్కను చీలికలోంచి లోపలికి దూర్చి, వినైల్ అడుగున పరిచి, నూనెకు లొంగని పాలీయురేథేన్ వంటి జిగురుతో అంటిస్తారు. రెక్సిన్ బలమంతా నిజానికి దాని వెనుక ఉన్న గుడ్డదే, వినైల్ పై చర్మం మాత్రమే. కాబట్టి ముందు గుడ్డను అతకాలి, చర్మం సంగతి తరువాత. అతుకు కింద ఉంటే కూర్చున్నవారి బరువు దాన్ని ఊడదీయదు, ఇంకా గట్టిగా అదుముతుంది.

ఇక మిగిలిన సందును నింపాలి. ఇందుకు వాడే ముద్దలో పి.వి.సి. పొడి, ప్లాస్టిసైజరు కలిసి దోసెపిండిలా ఉంటాయి. దీన్ని పలుచగా పూసి వేడిచేస్తే, సుమారు 150 నుంచి 180 డిగ్రీల మధ్య, పొడి నూనెను పూర్తిగా పీల్చుకుని ఒకే పొరగా గట్టిపడుతుంది. కోడిగుడ్డు సొన పెనం మీద గట్టిపడడం చూశారు గదా, దాదాపు అలాగే. నీరు ఆవిరి కావడం లేదు, ఉన్న పదార్థమే రూపం మారుతుంది. పూత మందంగా వేస్తే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. కాబట్టి పలుచని పూతలు ఒకదాని మీద ఒకటి వేస్తారు. నూనెను తరిమి సీటును పాడుచేసింది వేడే, దాన్ని బాగుచేసేదీ వేడే! తేడా ఎంతసేపు, ఎంత చోట అన్నదానిలో ఉంది. వేడి పరికరం క్షణం ఎక్కువ నిలిస్తే చుట్టూ ఉన్న మంచి వినైల్ మెరుపు పోయి కమిలిపోతుంది. ఈ వేడి అక్కరలేకుండా గాలికి ఆరే ముద్దలు కూడా వచ్చాయి, వాటి పటుత్వం కొంచెం తక్కువ.

ఈ పనిలో నాకు అన్నిటికంటే ముచ్చటైనది ఆఖరి దశ. నింపిన చోటు నున్నగా ఉంటుంది, చుట్టూ తోలు గీతలు ఉంటాయి. కాబట్టి అదే సీటు మీద చెడని ఒక చోట సిలికోన్ ముద్దను ఒత్తి, వేలిముద్ర తీసుకున్నట్టు గీతల అచ్చు తీస్తారు. పై పూత వేడిగా ఉన్నప్పుడే ఈ అచ్చును దానిమీద అదిమి, చల్లారాక తీస్తారు. చివర వంగినా పగలని రంగు అద్దుతారు. ఓపికగా చేసిన పనివాడి అతుకును వెతికి పట్టుకోవడం కష్టం.

ఇదంతా చదివి మీరు ఇంట్లో కొవ్వొత్తితోనో, ఇస్త్రీపెట్టెతోనో ప్రయత్నించకండి. వినైల్ మాడితే హైడ్రోజన్ క్లోరైడు వాయువు వస్తుంది. తడి తగిలితే అదే హైడ్రోక్లోరికామ్లం, మీ కళ్ళలోనూ గొంతులోనూ తడి ఉంది. దుకాణం నుంచి రెండు రెక్సిన్ ముక్కలు తెచ్చి, ఒకటి మిద్దె మీద ఎండలో, ఒకటి పెట్టెలో రెండు వేసవి నెలలు ఉంచి, రెండింటినీ పెన్సిలు చుట్టూ చుట్టి ఏది ముందు పగులుతుందో చూడండి. అది మీరు చేయదగిన ప్రయోగం.

ముట్టరాని చోటు

ఎంత నైపుణ్యం ఉన్నా అతకకూడని చోటు ఒకటి ఉంది. 2019 జూలై నుంచి మన దేశంలో కొత్త కార్లకు డ్రైవరు ముందు గాలిసంచి, అనగా ఎయిర్‌బ్యాగ్, తప్పనిసరి అయింది. అది స్టీరింగు నడుమ మడిచి ఉంటుంది. డాష్‌బోర్డులో మరొకటి, కొన్ని కార్లలో సీటు పక్కన కూడా ఉంటాయి. ప్రమాదంలో ఇది సెకనులో 30వ వంతులో ఉబ్బి బయటికి రావాలి. అందుకోసం పై తొడుగును లోపలివైపు ఒక గీత వెంబడి కావాలనే పలుచగా చేస్తారు. సీటు పక్కనైతే త్వరగా తెగే దారంతో కుడతారు. అక్కడ పగులు వచ్చిందని ముద్ద నింపితే, లేక సీటు మీద మరో మందపాటి తొడుగు బిగిస్తే, సంచి ఆలస్యంగా వస్తుంది, లేదా వంకరగా వస్తుంది. ముద్ద ముక్కలు ముఖం మీదికి ఎగరవచ్చు. ఇంతసేపూ చిరగకుండా ఎలా చెయ్యాలో చెప్పుకున్నాం. ఇక్కడ మాత్రం చిరగడమే దాని పని! అలాంటి భాగం పాడైతే కంపెనీ భాగాన్నే మార్పించాలి.

సరే, పెళ్ళి కారు సీటు సంగతి ఏమిటి? డ్రైవరును ఒక పని చేయమనండి. చీలిక అంచును బొటనవేలితో మెల్లగా వంచి చూడాలి. మెత్తగా వంగితే అది కేవలం కోత. తాళంచెవో, మొలో గీరి ఉంటుంది. అతుకుతో ఏళ్ళు నడుస్తుంది. వంచినచోట సన్నని కొత్త బీటలు కనిపిస్తే ఆ ముక్కలో నూనె అయిపోయింది. ఇక్కడ అతికితే పక్కన పగులుతుంది, పక్కన అతికితే ఆ పక్కన. దానికి మళ్ళీ నూనె పట్టించే పూతలేవీ లోపలి గొలుసుల మధ్యకు సరిగా చేరవు.

ఆయన సీటు అంచు అప్పడంలా ఉందని మొదటే చూశాం. కాబట్టి ఇక టేపుకు, జిగురుకు డబ్బు పెట్టనక్కరలేదు. అలాగని సీట్లన్నీ కుట్టించనక్కరా లేదు. ఎండ సూటిగా పడే ఆ మధ్యముక్క ఒక్కదాని కుట్టు విప్పి, అదే మందం రెక్సిన్ వేయించుకుంటే చాలు. విప్పిన పాతముక్కను పని అయ్యేదాకా పారేయవద్దని కూడా చెప్పండి. కొత్త ముక్క కత్తిరించడానికి కొలత అదే.